‘నీకు తెలుగొచ్చా?’

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వారమంతా బట్టలూ చెప్పులూ అమ్మిన ఆ షట్టర్ల ముందు ఆ ఒక్కరోజు పుస్తకాలు పరుచుకుంటాయి. హైదరాబాద్‌లో నాలుగక్షరాలు చదువుకున్నవాళ్లలో ఆ ఫుట్‌పాత్‌కు రుణపడనివాళ్లు తక్కువ. అక్కడే, మేమంతా చాచా అని పిలుచుకునే ఒక పెద్దాయన కూచుంటాడు. నెత్తిన తెల్లటోపీ, నెరిసిన గడ్డం, దారంతో మెడకు వేలాడే కళ్లద్దాలు. ముందు నీలం ప్లాస్టిక్ పట్టా. దాని మీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు కలగలిసి ఉంటాయి.

ఒక ఆదివారం మేం పక్కనే నిలబడి ఉండగా ఒకాయన వచ్చాడు. చదువుకున్నవాడే. భుజాన గుడ్డసంచీ, సంచీ మీద ఏదో సాహిత్య సభ పేరు. ఒక పాత తెలుగు కథల పుస్తకం తీసి ధర అడిగాడు. అరవై అన్నాడు చాచా. చిరిగిన పుస్తకానికి అరవయ్యా అన్నాడాయన. “ఇది మొదటి అచ్చు సార్. తర్వాత అచ్చుల్లో ముందుమాట తీసేసిన్రు. ఆ ముందుమాట కోసమన్నా తీసుకోండి” అన్నాడు చాచా. ఆయన తలెత్తి టోపీని చూశాడు. గడ్డాన్ని చూశాడు.

“నీకు తెలుగొచ్చా?”

“కొద్దిగా సార్” అన్నాడు చాచా.

యాభైకి బేరం తెగింది. ఆయన వెళ్లిపోయాడు. మాకు మాత్రం ఆ ‘కొద్దిగా’ ఇంటికొచ్చినా వదల్లేదు. ఆ పుస్తకాన్ని చాచా రెండుసార్లు చదివాడని మాకు తెలుసు. అందులో ఏ కథ ఎక్కడ తడబడిందో మాతో గంటసేపు వాదించాడు కూడా. ఇంకొకటి కూడా మా చెవిన పడింది. అరవై దాటిన చాచాను ‘నీకు’ అన్న ఆ పెద్దమనిషే, పక్క పట్టా దగ్గరున్న ఇరవై ఏళ్ల కుర్రాడిని “మీ దగ్గర డిక్షనరీలున్నాయా అండీ” అని అడిగాడు. ఆ ‘నీకు’కీ ఈ ‘మీ’కీ మధ్య దూరం ఎంతో మాకు బాగా తెలుసు. తాతల నాటి నుంచీ దాన్ని నడుస్తూనే ఉన్నాం.

ఆ ప్రశ్న ఆయనొక్కడిదే అయితే మేం కాగితం ఖర్చు పెట్టేవాళ్లం కాదు. బ్యాంకులో తెలుగులో ఫారం నింపితే అడుగుతారు. బడిలో మా పిల్లాడికి తెలుగులో మంచి మార్కులొస్తే టీచరమ్మ ఆశ్చర్యపోతుంది. సాహిత్య సభల్లో మేం మాట్లాడి దిగగానే ఎవరో ఒకరు చేయి పట్టుకుని “మీ తెలుగు ఎంత బాగుందండీ!” అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనం. కానీ ఒక శర్మగారినో ఒక రెడ్డిగారినో ఎవరైనా అట్లా మెచ్చుకోగా విన్నారా? ఇంటివాణ్ని పట్టుకుని “మా ఇంటికి దారి బాగా కనుక్కున్నారే” అన్నట్టుంటుంది. ఆ మెప్పు వినీ వినీ మాకు ఒళ్లు మండుతున్నది.

ఇంతకీ ఆ చాచా ఎవరు? తెలుగు పాఠకుడికి ఆయన పుస్తకాలు తెలుసు గానీ ఆయన తెలియడు. అందుకని కొంచెం చెప్తాం.

చాచా తండ్రి ఛత్తా బజార్‌లో కాతిబ్. అంటే ఉర్దూ పుస్తకాలకు, పత్రికలకు, పెళ్లి కార్డులకు చేత్తో రాసే లేఖకుడు. ఉర్దూ నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా, పైనుంచి కిందికి జారుతూ నడుస్తుంది. దాన్ని సీసపు అచ్చుల్లో ఇమిడ్చేందుకు చాలా ప్రయత్నాలు జరిగినా ఆ అందం రాలేదు. అందుకే తెలుగు పత్రికలు అచ్చు అక్షరాలు పేర్చుకుంటున్న కాలంలో కూడా ఉర్దూ పత్రిక ప్రతి పేజీనీ రోజూ మనుషులు కలంతో రాసేవాళ్లు. కూర్చుని, మోకాలి మీద పలక పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. 1990ల నడిమిలో కంప్యూటర్‌లోకి ‘ఇన్‌పేజ్’ వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే కాతిబుల చేతుల్లోంచి పని జారిపోయింది. చాచా తండ్రి కళ్లు అప్పటికే పోయాయి. తండ్రి దగ్గర కలం పట్టడం నేర్చుకున్న కొడుకు, రాసే పని లేక, రాసినవాటిని అమ్మే పనిలోకి దిగాడు. మగ్గం పోయిన నేతన్న బట్టల మూట భుజానెత్తుకున్నట్టు.

ఆదివారం ఒక్కరోజే మీకు కనిపించే ఈ మనిషికి మిగతా ఆరు రోజులూ పనే. రద్దీ దుకాణాల చుట్టూ తిరుగుతాడు. పాత కాగితం కిలో లెక్కన కొంటాడు. దినపత్రికల కట్టల మధ్య, ట్యూషన్ నోటుబుక్కుల మధ్య చెయ్యి పెట్టి వెతుకుతాడు. చేతికి తగిలిన అట్ట గట్టిదనాన్ని బట్టి లోపలున్నది గైడా, నవలా, దీవానా చెప్తాడు. ఎవరైనా పెద్దవాళ్లు పోయిన ఇంటి నుంచి కబురొస్తే వెళ్తాడు. రాత్రి ఇంటికి తెచ్చి దుమ్ము దులుపుతాడు. ఊడిన పేజీలకు మైదాపిండి జిగురు రాస్తాడు. తర్వాత చదువుతాడు. చదవకుండా పట్టా మీద పెట్టడు. “చదవని కితాబు అమ్మితే, రుచి చూడని సాలన్ వడ్డించినట్టు” అంటాడు. ఏదన్నా బాగా నచ్చితే, చదవడం అయ్యేదాకా పట్టా కింద దాచిపెట్టి “లేదు సార్” అని అబద్ధమాడతాడు. ఆయన వ్యాపారంలో నష్టాలకు సగం కారణం ఆ అబద్ధమే.

రేటు కూడా మనిషిని బట్టే. కారు దిగి వచ్చిన మనిషికి ఒకటి, హాస్టల్ నుంచి నడిచొచ్చిన పిల్లకు ఒకటి. బురఖాలో వచ్చే ఒకమ్మాయి నెలకోసారి నాలుగు నవలలు పట్టుకెళ్లి, వచ్చే నెల తిరిగిచ్చి వేరే నాలుగు తీసుకుపోతుంది. రెండు ఉర్దూవి, రెండు తెలుగువి. ఇంట్లో నవలలు చదవనివ్వరట. సంచీలో పైన కూరగాయలు, కింద పుస్తకాలు. ఆ అమ్మాయి దగ్గర చాచా ఇంతవరకు పైసా తీసుకోలేదు. “నా దగ్గర ఒకే ఒక లైబ్రరీ మెంబరు” అని నవ్వుతాడు.

ఇప్పుడు అడుగుతున్నాం. ఈ మనిషి తెలుగు కథలో ఎక్కడున్నాడు? ఈ అమ్మాయి ఏ నవలలో ఉంది?

తెలుగు కథల్లో సాయిబు ఉన్నాడు. లేడని మేం అనం. జట్కా తోలుతూ ఉన్నాడు. అత్తరు అమ్ముతూ ఉన్నాడు. తాయెత్తు కడుతూ, మేకను కోస్తూ, సైకిలుకు పంక్చరు వేస్తూ, జమీందారు గేటు దగ్గర సలాము కొడుతూ ఉన్నాడు. ఆ పనులన్నీ మావే, వాటికి మేం సిగ్గుపడం. ఆ పనులు చేసిన చేతులే మమ్మల్ని సాకాయి. సినిమాలో అయితే ఇంకా ఘోరం. మా పాత్ర నోరు తెరిస్తే ‘నిమ్మల్కి’, ‘నమ్మల్కి’ అని వంకర తెలుగు. జనం నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ నవ్వించే సాయిబు కూడా పోయి, కళ్లకు సుర్మా పెట్టుకుని బాంబు పెట్టేవాడొచ్చాడు. పంక్చరు నుంచి బాంబు దాకా అన్నీ ఇచ్చారు మా చేతికి. పుస్తకం ఒక్కటి ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదు? మీ కంటికి అది కనపడలేదు గనుక. ఆదివారం ఆదివారం మా చేతుల మీదుగానే పుస్తకం కొనుక్కుంటూ, ఆ చేతులు పుస్తకం చదవగలవని మీకు తోచలేదు గనుక.

తెలంగాణ మిత్రులకు ఒక మాట గుర్తు చేస్తాం. తెలంగాణలో కవులే లేరని ఒకప్పుడు ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డిగారికి రోషమొచ్చింది. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులను లెక్క చూపారు. మీ యాసను సినిమాలో రౌడీకీ, జోకరుకూ అంటగట్టినప్పుడు మీకు మండింది. “మీది తెలుగేనా” అన్న మాట ఎంత లోతుకు దిగుతుందో మీకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. మరి అదే మాట మమ్మల్ని అంటున్నప్పుడు మీ రోషం ఎక్కడికి పోయింది? మేం కూడా లెక్క చూపాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాశాడు. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. 2004లో ‘వతన్’ కథలొచ్చాయి. ఇంకా ముందుకెళ్తే పిఠాపురంలో ఉమర్ ఆలీషా ఉన్నాడు. 1945లో చనిపోయేదాకా తెలుగులో పద్యం చెప్పాడు. ఉపన్యాసమిచ్చాడు. ఆయన పేరు తెలుగు బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఎన్నిసార్లు లెక్క చూపాలి? ప్రతి తరమూ మళ్లీ మొదటి నుంచి “నాకు తెలుగొచ్చు సార్” అని సంతకం పెట్టాలా?

ఇక్కడ ఒక వాదన వస్తుందని తెలుసు. “నిజాం కాలంలో మీరు తెలుగును తొక్కలేదా?” అంటారు. తప్పించుకోం. నిజాం రాజ్యంలో తెలుగుకు జరిగిన అన్యాయం నిజం. జనంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు సర్కారీ బడిలో తగిన చోటు లేకపోవడం నిజం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్నవాళ్లు, ఊరూరా గ్రంథాలయం కోసం తిరిగినవాళ్లు ఒక పుస్తకాల గది కోసం ఎంత పోరాడారో మాకు తెలుసు. ఆ పోరాటం న్యాయమైంది. ఆ రాజ్యాన్ని వెనకేసుకొచ్చే పని మాకు లేదు. కానీ ‘మీరు’ అంటున్నారే, ఆ ‘మీరు’లో ఎవరున్నారు? చాచా తాత ఆ రాజ్యంలో దర్బారుకు వెళ్లలేదు, దర్బారు వాళ్ల పుస్తకాలకు నకళ్లు రాసుకుంటూ బతికాడు. పల్లెల్లో దూది ఏకిన దూదేకుల మనిషికి ఏ జాగీరు దక్కింది? రాజు ముసల్మాను అయినంత మాత్రాన ప్రతి ముసల్మానూ రాజు కాలేదు. రాజ్యం పోయాక మాత్రం ఆ లెక్క మా గల్లీల్లోనే వసూలు చేశారు. 1948 తర్వాత ఉర్దూ కచేరీల నుంచి, బడుల నుంచి తొలగిపోతుంటే వీధిన పడింది నవాబు కాదు. గుమాస్తా, బడిపంతులు, కాతిబ్.

రాజును, భాషను వేరు చేసి చూడగలిగినవాళ్లు మీలోనే ఉన్నారు. నిజాంను తిట్టి నిజాం జైల్లో పడ్డ దాశరథి ఆ తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. బూర్గుల రామకృష్ణారావుగారికి ఫారసీ, ఉర్దూ కంఠోపాఠం. సినారె చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో. చిలుకూరి నారాయణరావుగారు ఖురాన్‌నే తెలుగు చేశారు. అటు లక్నోలో 1858లో మున్షీ నవల్‌కిశోర్ అనే హిందువు పెట్టిన ప్రెస్సు ఖురాన్‌ను, ఉర్దూ ఫారసీ కావ్యాలను లెక్కలేనన్ని ప్రతులు అచ్చువేసి ఊరూరికీ చేర్చింది. చాచా దగ్గర ఆ ప్రెస్సు పుస్తకాలు రెండున్నాయి. అవి మాత్రం అమ్మడు. ఎంతిచ్చినా అమ్మడు.

‘మా భూమి’ సినిమాను గుండెల్లో పెట్టుకున్న మిత్రులు చాచా పట్టా దగ్గరికి చాలామంది వస్తారు. ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ అని చాచా చెప్తే నమ్మరు. తెలంగాణ రైతు పోరాటం మీద నవల ఉర్దూలో, అదీ ముస్లిం కాని రచయిత చేతి నుంచి! చాచా ఆ పుస్తకం తీసి చూపిస్తాడు. తిరగేసి, అక్షరం తెలియక, మళ్లీ పట్టా మీద పెట్టేస్తారు. అందులో ఉన్నది వాళ్ల కథే.

అక్షరం తెలియకపోవడం తప్పు కాదు. తెలియని అక్షరాన్ని అనుమానించడం తప్పు.

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వచ్చినవాళ్లు చనిపోయారు. చచ్చింది మేం, ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. వాళ్లలో ఎంతోమంది ఆ తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన ఏళ్లు మాత్రం రాలేదు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం చాచా సంచీతో నడిచొస్తుంటే ఒక పోలీసు ఆపాడు. సంచీలో ఉర్దూ పుస్తకాలు.

“ఏముందిరా ఇందులో? ఏం రాసుంది?”

“కహానియా హై సాబ్. కథలు.”

“ఎవడు రాసిండు?”

“ప్రేమ్‌చంద్.”

పోలీసు నమ్మలేదు. ప్రేమ్‌చంద్ హిందీ కదా అన్నాడు. పాపం ఆయన బళ్లో ప్రేమ్‌చంద్ పాఠం చదువుకున్నవాడే. ప్రేమ్‌చంద్ మొదట రాసింది ఉర్దూలోనే అనీ, నవాబ్‌రాయ్ అన్న పేరుతో 1908లో వచ్చిన ఆయన ‘సోజె వతన్’ను ఇంగ్లీషు సర్కారు పట్టుకుపోయిందనీ ఆ నడిరోడ్డు మీద చెప్పే వీలు చాచాకు లేదు. రెండు గంటలు నిలబెట్టారు. చివరికి ఒక మౌల్వీసాబును పిలిపించి, చదివించి, కథలేనని తేల్చుకుని వదిలేశారు. పుస్తకాలు తిరిగిచ్చారు. ఒకటి తక్కువైంది. “పోనీ, ఎవరన్నా చదువుకుంటారేమో” అన్నాడు చాచా. ఆయన నవ్వాడు. మేం నవ్వలేకపోయాం. ఆనాటి తెల్లదొర కనీసం చదివి భయపడ్డాడు. ఇప్పుడు చదవకుండానే భయపడుతున్నారు.

ఇంతవరకు మిమ్మల్ని అన్నాం. ఇక మా వాళ్ల సంగతి కూడా మాట్లాడాలి. ఇంట్లో మురికి దాచుకుని వీధి ఊడ్చడం మాకు చేతకాదు.

చాచా సంచీలోకి ఉర్దూ పుస్తకాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? మా ఇళ్ల నుంచే. తాత చనిపోతాడు. నలభై రోజులు గడుస్తాయి. మనవళ్లు అలమర తెరుస్తారు. తాత జీవితమంతా కొనుక్కున్న పుస్తకాలు, అంచుల మీద ఆయన రాసుకున్న మాటలు. మనవడికి ఆ లిపి రాదు. వాడు చదివింది ఇంగ్లీషు మీడియం. తెలుగూ అంతంతే. “చాచా, కిలో ఎంతకు తీసుకుంటావ్?” అంటాడు. చాచా చేతులు వణుకుతాయి. తూకం వేయడానికి మనసొప్పక “లెక్క పెట్టి ఇస్తా బేటా” అంటాడు. 2001 జనాభా లెక్కల్లో ఉర్దూ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశంలో దాదాపు 5.15 కోట్లు. 2011కి వచ్చేసరికి 5.07 కోట్లు. పదేళ్లలో జనం పెరిగారు. ఉర్దూ మాది అనేవాళ్లు తగ్గారు. ఈ తగ్గుదల సర్కారు ఒక్కటే చేసింది కాదు. మనం కిలోల లెక్కన చేసుకున్నాం.

షాదీఖానాలకు లక్షలు చందాలిస్తాం. పెళ్లిలో బిర్యానీ ఎన్ని దేగ్చీలు దించామో నెల రోజులు చెప్పుకుంటాం. మొహల్లాలో ఒక చదువుకునే గది పెడదామంటే చెయ్యి జేబులోకి వెళ్లదు. ముషాయిరాకు వెళ్లి ‘వాహ్ వాహ్’ అంటాం, ఆ కవి పుస్తకం బయట బల్ల మీద ఉంటే ఊరికే ఇస్తాడేమో అని చూస్తాం. నవలలు చదివితే ఆడపిల్ల చెడిపోతుందంటాం. టీవీ సీరియల్‌తో చెడిపోని పిల్ల కథతో ఎట్లా చెడిపోతుందో ఎవరూ చెప్పరు. మొదట చదవమని ఆజ్ఞ అందుకున్న మతం మాది అని జుమ్మా రోజు గర్వంగా వింటాం. మిగతా ఆరు రోజులు ఏం చదివాం?

ఇంకొక జబ్బు కూడా ఉంది. “తెలుగు వాళ్లది, ఉర్దూ మనది” అనే జబ్బు. ఎవరు చెప్పారు? కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో తెలుగే ఇంటిమాటగా బతుకుతున్న ముస్లింలు లక్షల్లో ఉన్నారు. దూదేకుల ఇంట్లో తల్లి జోలపాట తెలుగులోనే. ఉర్దూ రాదని పట్నం ముస్లిం వాళ్లను తక్కువగా చూస్తాడు. తెలుగు రాదేమోనని మిమ్మల్ని అనుమానించినవాడికీ, ఉర్దూ రాదని మన మనిషిని కించపరిచినవాడికీ తేడా ఏమిటి? ఇద్దరూ అడిగేది ఒకే ప్రశ్న. మతానికి ఒక భాష రాసిచ్చినవాళ్లు ఇద్దరూ.

ఇక మా సెక్యులర్ మిత్రులు. మీతోనే మాకు ఎక్కువ పేచీ, ఎందుకంటే మీరే మాకు దగ్గరివాళ్లు. గొడవలు జరిగినప్పుడు మీరు నిలబడ్డారు. ఆ మేలు మరచిపోం. కానీ మీరు మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు? నగరం కాలినప్పుడు పిలుస్తారు. ఇఫ్తార్‌కు పిలుస్తారు. మత సామరస్య సభలో వేదిక మీద ఒక టోపీ తక్కువైనప్పుడు పిలుస్తారు. కథా కార్యశాలకు, నవల మీద చర్చకు, అనువాదాల సదస్సుకు మేం గుర్తురాం. పోలికలకు మాత్రం మా చనిపోయినవాళ్లు కావాలి. మఖ్దూం కావాలి. 1948 ఆగస్టులో రజాకార్లను ఎదిరించి రాసినందుకు ప్రాణమిచ్చిన షోయబుల్లాఖాన్ కావాలి. వాళ్లు మాకూ కావాలి, షోయబ్ మా వృత్తివాడు. కానీ మీరు ఆ పేర్లు చెప్పి, “చూడు, మంచి ముస్లిం అంటే ఇట్లా ఉండాలి” అన్నట్టు మావైపు చూస్తారు. మంచి ముస్లిం కావడానికి మేం ముందు చావాలా? బతికున్న చాచా ఏం చదువుతున్నాడో ఒక్కసారైనా అడిగారా?

“మీ పిల్లలంతా మదర్సాలకే పోతారు కదా” అని మాతో చాలామంది అంటారు, చదువుకున్నవాళ్లే అంటారు. 2006లో సచార్ కమిటీ తేల్చింది ఏమిటి? బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది నూటికి నలుగురు. మిగతావాళ్లు పోతున్నది మీ పిల్లలు పోయే రకం బడులకే, పోలేనివాళ్లు పనికి. ఆ నివేదిక వచ్చి ఎన్నేళ్లయింది? మా మీద అభిప్రాయం ఏర్పరచుకునే ముందు దాన్ని చదివే ఓపిక కూడా లేకపోయింది. మరి చదవనివాడు ఎవరు? మేమా, మీరా?

సర్కారు సంగతి ఒక ముక్కలో. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టం వచ్చింది. సంతోషమే. బోర్డు మీద ఉర్దూ అక్షరాలు చూసి కళ్లు చల్లబడ్డాయి. కానీ బోర్డు చదవడానికి పిల్లాడికి అక్షరం రావాలి. అక్షరం రావాలంటే పంతులు కావాలి. అక్షరం వచ్చాక చదవడానికి పుస్తకం కావాలి. ఈ మూడూ లేని బోర్డు కేవలం రంగు. ఆఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున, 1891లో ఆసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయం ఉంది. ఉర్దూ, ఫారసీ, తెలుగు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒకే కప్పు కింద పుస్తకాలు ఉండగలిగాయి. పాఠకులను మనం విడదీశాం.

2020లో లాక్‌డౌన్ వచ్చి నెలల తరబడి అబిడ్స్ ఫుట్‌పాత్ ఖాళీ అయింది. ఆ ఏడాదే అక్టోబరులో పాతబస్తీని వరద ముంచింది. చాచా ఇల్లు పల్లంలో ఉంది. నడుముల్లోతు నీళ్లు. పిల్లల్ని, మంచం మీదున్న భార్యను పక్కింటి మిద్దె ఎక్కించి, వెనక్కొచ్చేసరికి పుస్తకాలు తేలుతున్నాయి. నీళ్లు తీశాక మేం వెళ్లాం. దండేనికి బట్టల బదులు పేజీలు ఆరవేసి ఉన్నాయి. ఉర్దూ పేజీ పక్కన తెలుగు పేజీ. నవల్‌కిశోర్ పుస్తకాలు రెండింటినీ బియ్యం డబ్బాలో పెట్టి అటక మీద దాచాడట. అవి బతికాయి. బియ్యం? “బియ్యం కింద పోసిన. తడిసిపోయినయ్. బియ్యం మళ్లీ దొరుకుతయ్ కదా బేటా” అన్నాడు. చాచీ మాత్రం ఆ బియ్యం సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. తిడుతూనే ఉంటుంది. ఆమె తిట్టడమూ న్యాయమే.

ఈ మనిషిని మీరు “నీకు తెలుగొచ్చా” అని అడుగుతున్నారు.

మేం దయ అడగడం లేదు. మా పిల్లలకు ఇంగ్లీషుతోపాటు తెలుగూ ఉర్దూ రెండూ నేర్పే బడి కావాలి. ఆ పని సగం సర్కారుది, సగం మాది. మా సగం మేం మొదలుపెడతాం, మొహల్లాకు ఒక గదితో. ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఉర్దూలోకి పుస్తకాలు రావాలి. దాశరథి తర్వాత ఆ దారిలో నడిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ దారిలో మీరూ నడవాలి, కొంచెం లిపి నేర్చుకోవాలి. అలీఫ్, బే రాసుకోవడానికి మతం మారనక్కర్లేదు. తెలుగు కథలో మా మనిషి చేతికి ఒక పుస్తకం ఇవ్వండి. మీరు ఇవ్వకపోతే మేమే ఇచ్చుకుంటాం, ఇచ్చుకుంటూనే ఉన్నాం. కానీ మేం రాసింది ‘ముస్లిం సాహిత్యం’ అని ఒక మూల అలమరలో పెట్టి తాళం వేయకండి. అది తెలుగు సాహిత్యం. చాచా పట్టా మీద ఆ అలమర లేదు. ఆయన దగ్గర అన్నీ కలిసే ఉంటాయి.

ఆదివారం రండి. పది గంటలకల్లా పట్టా పరిచి ఉంటాడు. పుస్తకం కొనండి, బేరం కూడా ఆడండి, ఆయనకు బేరమంటే సరదా. తెలుగొచ్చా అని మాత్రం అడక్కండి. “చాచా, ఈ వారం ఏం చదివారు?” అని అడగండి. జవాబు పొడుగ్గా ఉంటుంది. తీరిక చేసుకుని రండి.